జ్వరం కన్నా ముందు పని చెప్పండి
(పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని పక్కకు తీసి పెట్టుకున్నాను. ఒకాయన ఉణుగు అని రాశాడు. ఒక అమ్మాయి గోమారి అంది. ఇంకొకాయన పిడుదు అన్నాడు. తెనాలి నుంచి ఒక తల్లి టిక్ అని రాసింది. నాలుగూ పశువుల ఒంటికీ మనుషుల ఒంటికీ పట్టి రక్తం తాగే ఒకే రకం పురుగు పేర్లు. జవాబులు విడివిడిగానే రాస్తున్నాను గానీ మొదటి ఉత్తరానికి చోటు ఎక్కువ పట్టింది. డాక్టరుగా నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఆ ఉత్తరంలో అడిగిన కోతి జ్వరం దగ్గరే జరిగింది మరి.

*

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది మడకశిర పక్కన అమరాపురం మండలం. అర ఎకరా వక్క తోట ఉండాది. మా తోట పని అయినాక ఏటా పద్నాలుగు మందిమి కర్ణాటకలో సాగర, తీర్థహళ్ళి పక్కకి వక్క గెలలు కోసేదానికి, కాయ ఒలిచేదానికి పోతాము. రెండు నెలలు తోట గట్టున షెడ్డులోనే కాపురం. ఈసారి ఆ ఊర్లో కోతులు చచ్చినాయి, ‘మంగన కాయిలె’ వచ్చింది, కట్టెలకు అడవిలోకి పోవద్దని సావుకారు చెప్పినాడు. కట్టెలు లేకుండా పద్నాలుగు మందికి వంట ఎట్లయితాది సార్? పోయినాము. తిరిగొచ్చినాక మా జట్టులో ఒక పిల్లోనికి జ్వరం, వొళ్ళంతా ఇరగ్గొట్టినట్టు నొప్పులు. డెంగీ లేదు, మలేరియా లేదు అన్నారు. పది దినాలకు తగ్గింది. ఇప్పుడు ఊర్లో మా జట్టునెవరూ దగ్గరికి రానీడం లేదు. ఇది అంటుకునేదేనా? వచ్చే ఏడు పోవచ్చునా? టీకా వేయిస్తానని సావుకారు అంటాడు, వేయించుకోవాల్నా?

జవాబు: నాయనా, ముందు ఈ ముక్క మీ రచ్చకట్ట దగ్గర చదివి వినిపించు. ఈ మంగన కాయిలె, అంటే కోతి జ్వరం, మనిషి నుంచి మనిషికి అంటదు. ఒకే చెంబుతో నీళ్ళు తాగినా, ఒకే చాప మీద పడుకున్నా రాదు. ఉణుగు కరిస్తే వస్తుంది, లేదంటే జబ్బుతో ఉన్న కోతినో చచ్చిన కోతినో చేతులతో ముట్టుకుంటే వస్తుంది. మీ జట్టును ఎడం పెట్టాల్సిన పనే లేదు.

ఇక ఆ పిల్లవాడి సంగతి. తిరిగొచ్చిన ఎన్నో రోజున జ్వరం తగిలిందో నువ్వు రాయలేదు, నాకు అదే ముఖ్యం. ఉణుగు కరిచిన 3 నుంచి 8 రోజుల్లో ఈ జ్వరం వస్తుంది. ఇల్లు చేరిన వారంలోపే పడుకున్నాడంటే అనుమానించాల్సిందే. నెల దాటాక వచ్చిందంటే కారణం వేరే వెతకాలి. తగ్గిందని మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. ఈ జబ్బు పడ్డవాళ్ళలో నూటికి పది ఇరవై మందికి జ్వరం పూర్తిగా పోయి, వారం పది రోజులు బాగుండి, మూడో వారంలో మళ్ళీ వస్తుంది. రెండోసారి వచ్చేది తలకెక్కుతుంది. తలనొప్పి, చేతులు వణకడం, మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం ఉంటాయి. వాటిలో ఏది కనిపించినా వాణ్ణి బండెక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపో. అక్కడ మొదటి మాటగా ‘సాగర అడవిలో కట్టెలు కొట్టినాడు’ అని చెప్పు. తర్వాతే జ్వరం సంగతి.

ఈ వరస ఎందుకో చెప్పాలంటే నా కథ చెప్పాలి.

1986 జనవరి. ఎంబీబీఎస్ అయి రెండేళ్ళు. మా అమ్మ పుట్టిల్లు పావగడ కాబట్టి కన్నడం వచ్చు, ఆ ధైర్యంతో సాగర తాలూకాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. ఒకరోజు ముప్ఫై ఏళ్ళ ఆడమనిషిని ఎడ్లబండి మీద తెచ్చారు. జ్వరం 104. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, వెలుతురు చూడలేక కొంగు మొహం మీదికి లాక్కుంది. నడుం మీద చెయ్యి వేస్తే కేక పెట్టింది. రక్తం చూస్తే తెల్లకణాలు బాగా తక్కువ. టైఫాయిడ్‌లో తెల్లకణాలు తగ్గుతాయని పుస్తకంలో ఉంది, నాకు అంతవరకే గుర్తుంది. ఏం తిన్నావు, ఏ బావి నీళ్ళు తాగావు, ఇంట్లో ఇంకెవరికైనా జ్వరమా అని మూడు రోజులు తిప్పి తిప్పి అవే అడిగాను. క్లోరాంఫెనికాల్ మొదలుపెట్టాను. నొప్పులకని తుంటి మీద సూది వేయించాను. సూది పడ్డ చోట అరచెయ్యంత మేర నల్లగా కమిలింది. నాలుగో రోజు పొద్దున చిగుళ్ళ నుంచి రక్తం.

ఆ ఆసుపత్రిలో నేల ఊడ్చే ముసలామె ఒకావిడ ఉండేది. ఊడుస్తూ ఊడుస్తూ ఆ మంచం దగ్గర ఆగి, నా వైపు చూడకుండా ఆ మనిషినే అడిగింది, ‘దరకు ఊడ్చడానికి పోయావా?’ అని. దరకు అంటే అడవిలో రాలిన ఎండాకు. అక్కడి వక్క తోటల వాళ్ళు దాన్ని గంపలకెత్తి తెచ్చి కొట్టంలో పశువుల కింద పరుస్తారు, పేడతో కలిసి ఎరువై అది తోటకు పోతుంది. మంచం మీది ఆమె తల ఊపింది. ‘కోతి కంపు కొట్టిందా?’ మళ్ళీ ఊపింది. ముసలామె నా వైపు తిరిగి, ‘మంగన కాయిలె, డాక్ట్రే’ అని చీపురు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు పావడ నాడా వదులు చేసి చూశాను. నాడా పడిన గాడి వెంట వరసగా ఐదారు ఎర్రటి చుక్కలు, ఆవగింజంతవి. పురుగులు ఎప్పుడో తాగి రాలిపోయాయి. మూడు రోజులుగా పొట్ట తడిమేటప్పుడల్లా నా వేళ్ళు ఆ నాడా మీదే ఆగాయి, దాని కింద చూడాలని మాత్రం తోచలేదు. ఆమెను ‘ఏం పని చేస్తావమ్మా’ అని ఒక్కసారి అడిగి ఉంటే మూడు రోజులు కలిసొచ్చేవి. వైరస్‌కు మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదనుకోండి. కానీ ఆ సూది వేసేవాణ్ణి కాదు, అక్కరలేని మందు మింగించేవాణ్ణి కాదు, సెలైను ముందే ఎక్కించేవాణ్ణి. ఆమె బతికింది. తగ్గిందని ఇంటికి పంపితే మూడో వారంలో వణుకుతూ, మొగుణ్ణి పోల్చుకోలేని స్థితిలో మళ్ళీ తెచ్చారు. రెండోసారీ బతికింది, ఆమె చలవ.

ఇంతకీ ఆ ముసలామెకు కోతి సంగతి ఎలా తెలుసు? ఆ సీమలో అందరికీ తెలుసు. 1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు కుప్పలుగా చచ్చాయి, చుట్టుపక్కల ఊళ్ళ జనం జ్వరాలతో పడ్డారు. కోతులు చస్తున్నాయంటే ఆఫ్రికా నుంచి ఎల్లో ఫీవర్ దిగిందేమోనని మొదట హడలిపోయారు. పుణేలోని వైరస్ పరిశోధన కేంద్రం వాళ్ళు వచ్చి చూస్తే అది కాదు, రష్యాలో పిడుదుల వల్ల వచ్చే మెదడువాపు వైరస్‌కు చుట్టం. అందుకే వైద్య పుస్తకాల్లో దీని పేరు క్యాసనూరు అడవి జబ్బు. జబ్బు పడ్డవాళ్ళలో నూటికి 3 నుంచి 5 మంది పోతారు. తొలి రోజుల్లో ఆ ఒక్క మూలనే ఉండేది. 1980ల మొదట్లో బెళ్తంగడి వైపు జీడిమామిడి కోసం అడవి నరికినప్పుడు అక్కడ లేచింది. 2012లో బండీపూర్‌లో చచ్చిన కోతుల్ని ఎత్తిన అటవీ సిబ్బందికి తగిలింది. తర్వాత వయనాడు, గోవాలో సత్తరి, మహారాష్ట్రలో సింధుదుర్గ్. ఎక్కడ చూసినా పడ్డది జీడి ఏరేవాళ్ళు, ఆకు ఊడ్చేవాళ్ళు, కట్టెలు కొట్టేవాళ్ళు, పశువులు తోలేవాళ్ళే.

మీ వక్క కోత కాలమూ ఉణుగు కాలమూ ఒకటే కావడం మీ దురదృష్టం. వానాకాలంలో పెద్ద ఉణుగులు పశువుల రక్తం తాగి నేల రాలి వేలకొద్దీ గుడ్లు పెడతాయి. వానలు వెనకబట్టాక పుట్టిన ఆరుకాళ్ళ పిల్లలు ఎలకనో కోతినో పట్టుకుంటాయి. దానికి వైరస్ ఉంటే తాగిన రక్తంతో పాటు పురుగు ఒంట్లోకి చేరి అక్కడే ఉండిపోతుంది. పిల్ల కుబుసం విడిచి ఎనిమిది కాళ్ళది అవుతుంది. కార్తీకం నుంచి వైశాఖం దాకా ఎండాకు మీద కాచుకుని కూచునేది ఇదే. నువ్వుగింజలో సగం ఉండదు. కరిస్తే నొప్పి తెలియదు, దురదైనా వెంటనే పుట్టదు. చచ్చిన కోతి ఒళ్ళు చల్లబడగానే దాని మీదున్న ఉణుగులన్నీ ఒక్కసారిగా ఆ చెట్టు కిందే దిగుతాయి. ఆ చోటు మందుపాతరలాంటిది. ఆరోగ్యశాఖ వాళ్ళు కోతి పడ్డ చోటు చుట్టూ 50 మీటర్ల మేర మందు చల్లేది అందుకే.

వచ్చే ఏడు పోవచ్చా అన్నావు. పో. కూలి మానుకోమని చెప్పేంత అన్యాయం నేను చెయ్యను. అయితే పోయే ముందు సావుకారుతో ఒక మాట తేల్చుకో. ‘అడవికి పోవద్దు’ అని చెప్పి చేతులు కడుక్కుంటే చాలదు. పద్నాలుగు మందికి గ్యాస్ సిలిండరైనా ఇవ్వాలి, లేదంటే కట్టెలు కొని తోలించాలి. మొత్తం కూలిలో అది ఏపాటి? మీలో ఒక్కడు పడితే ఆయనకే నాలుగు రోజుల కోత ఆగిపోతుంది. ఈ లెక్క చెప్పు, వింటాడు.

తోట పనిలో లుంగీ వద్దు. పొడుగు ప్యాంటు వేసుకుని దాని అంచులు మేజోళ్ళలోకి దోపుకోండి. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనీ. ఊళ్ళో ఆశా కార్యకర్తను గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడిగితే ఉణుగులు దగ్గరికి రాకుండా ఒంటికి పూసుకునే తైలం ఇస్తారు. పాతకాలంలో డీఎంపీ ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు మన రక్షణ పరిశోధన సంస్థ తయారుచేసిన డెపా ఇస్తున్నారు. కాళ్ళకు, చేతులకు, మెడకు పూసుకున్నాకే తోటలో దిగండి. మధ్యాహ్నం అన్నానికి ఎండాకు మీద కూచోకండి, కునుకు అసలే తీయకండి. సాయంత్రం వేడినీళ్ళు పోసుకునేటప్పుడు మొలతాడు కింద, చంకల్లో, మోకాలి వెనక, చెవుల వెనక వేలితో తడుముకోండి. ఒకరి వీపు ఒకరు చూసుకోండి. విప్పిన బట్టలు షెడ్డులో మూలకు పడేయకుండా వేడినీళ్ళలో ముంచండి. కోతి కళేబరం కనిపిస్తే అటు పోవద్దు. పంచాయతీకో ఫారెస్టు వాళ్ళకో ఫోన్ చెయ్యండి.

టీకా సంగతి. 1990 నుంచి కర్ణాటకలో ఒక టీకా వేసేవాళ్ళు. నెల ఎడంతో రెండు డోసులు, ఆరు నెలలు దాటాక ఇంకొకటి, ఆ పైన ఏటేటా. రెండు డోసులతో సరిపెట్టుకున్నవాళ్ళలో నూటికి 62 మందికి, మూడోదీ వేయించుకున్నవాళ్ళలో నూటికి 83 మందికి రక్షణ ఇచ్చిందని ఒకప్పటి లెక్క. పోనుపోను దాని పస తగ్గింది, 2022లో ఆపేశారు. కొత్త టీకా పని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళు మన హైదరాబాదులోని టీకాల కంపెనీ ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌తో కలిసి చేస్తున్నారు. మీ సావుకారు చెప్పేది పాత టీకా గురించే అయ్యుండాలి. మంచి మనసుతోనే అన్నాడు గానీ దాన్ని నమ్ముకుని కాళ్ళకు తైలం మానకండి.

ఇంకొక్క మాట. అక్కడ ఉండగా గానీ వచ్చిన వారంలో గానీ ఎవరికి జ్వరం వచ్చినా ఆర్‌ఎంపీ దగ్గర డైక్లో అనే నొప్పుల సూది వేయించకండి, యాస్పిరిన్ మింగకండి. ప్లేట్‌లెట్లు పడిపోయే జ్వరాల్లో వాటితో రక్తస్రావం ఎక్కువవుతుంది. నేనెలా నేర్చుకున్నానో పైన చెప్పాను. పారాసిటమాల్ చాలు, నీళ్ళు బాగా తాగించండి, సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జ్వరం కొత్తగా ఉన్నప్పుడే రక్తం తీసి పంపితే వైరస్ దొరుకుతుంది. శివమొగ్గలో దీనికని ల్యాబు ఉంది. మన వైపునైతే జిల్లా వైద్యాధికారి ద్వారా పుణేకి పంపించవచ్చు.

*

ప్రశ్న: సార్, మాది నారాయణపేట దిక్కు. మా నాయినకు నూటిరవై గొర్లున్నయ్. వానలు పడ్డంక గోమార్లు మస్తయితయ్. మా నాయిన గొర్రె చెవుల్లకెళ్ళి ఒక్కొక్కటే పీకి బొటనేలు గోరు మీద వెట్టి చిట్లగొడ్తడు. రక్తం మీదికి చిమ్ముతది. అదే చెయ్యి ధోతికి తుడ్సుకొని బీడి ముట్టిస్తడు. ‘నలభై ఏండ్ల సంది ఇదే పని, ఏమైంది నాకు?’ అంటడు. నేను నర్సింగ్ రెండో సంవత్సరం సదువుతున్న. నా మాట ఇంటలేడు. ఎట్ల జెప్పాలె?

జవాబు: తల్లీ, ‘జబ్బు వస్తుంది నాయినా’ అంటే నలభై ఏళ్ళ అనుభవం ముందు నీ రెండేళ్ళ చదువు నిలవదు. నీ క్లాసులో రక్తం గురించి ఏం నేర్పారో అది చెప్పు. తెలియని రక్తం గ్లౌజు లేకుండా ముట్టుకోవద్దని మీకు మొదటి వారంలోనే చెప్పి ఉంటారు. గోమారి కడుపులో ఉన్నదీ రక్తమే. అది ఏ గొర్రెదో, ఆ గొర్రెకేముందో మీ నాయినకు తెలియదు. గోరు పక్కన చిన్న చీలిక ఉంటే చాలు.

2011 జనవరిలో గుజరాత్‌లో అహ్మదాబాదు దగ్గర సాణంద్ వైపు ఒక పల్లెలో ఒకామె రక్తస్రావంతో చనిపోయింది. ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా పోయారు. క్రిమియన్ కాంగో జ్వరం మన దేశంలో నిర్ధారణ కావడం అదే మొదలు. దాన్ని మోసేది హయలోమా అనే పిడుదు, కాళ్ళ మీద తెల్ల పట్టీలుంటాయి. కరిస్తేనే కాదు, చేత్తో చిదిమినా, కోసిన జీవం పచ్చి రక్తం తగిలినా వస్తుంది. పైన చెప్పిన కోతి జ్వరంలా కాదు ఇది, రోగి రక్తం నుంచి పక్కవాళ్ళకూ అంటుతుంది. గొర్రెకు మాత్రం ఏ లక్షణమూ ఉండదు, గడ్డి మేస్తూనే ఉంటుంది. నీ మంద గోమార్లలో ఇది ఉందని నేననడం లేదు. నర్సువి కాబోతున్నావు కాబట్టి ఈ కథ నీకు తెలిసి ఉండాలని చెప్పాను.

మీ నాయినకు పని ఆపమని చెప్పకు, పనిముట్టు మార్చు. పాత డాల్డా డబ్బాలో సబ్బునీళ్ళో కిరసనాయిలో పోసి మెడకు వేలాడదియ్యి. చేతికి పట్టకారు ఇవ్వు. పీకినవి అందులో వేస్తే చిట్లగొట్టే పని లేకుండానే చస్తాయి. సాయంత్రం డబ్బాలో ఎన్ని పడ్డాయో లెక్క చూపించు, అది ఆయనకు నచ్చుతుంది. మందకు పోసే మందు పశువుల డాక్టరు చెప్పిన మోతాదులోనే కలపాలి, కలిపేటప్పుడూ గ్లౌజులుండాలి, బీడీ అసలే ఉండకూడదు.

మీ ఇంటి కుక్కను కూడా చూడు. కుక్క పిడుదుతో మన దగ్గర ఇంకో జ్వరం వస్తుంది, ఇండియన్ టిక్ టైఫస్. జ్వరం వచ్చిన మూడు నాలుగు రోజులకు ఒంటి మీద ఎర్రటి దద్దు లేస్తుంది, అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా. రేపు నువ్వు వార్డులో పనిచేసేటప్పుడు జ్వరం రోగి అరిచేతులు తిప్పి చూడడం అలవాటు చేసుకో. డాక్సీసైక్లిన్‌కు అది చక్కగా లొంగుతుంది, ఆలస్యం కాకుండా ఉంటే.

*

ప్రశ్న: అయ్యా, నేను ఆత్మకూరు వైపు నల్లమలలో ప్రొటెక్షన్ వాచర్‌గా పనిచేస్తున్నాను. పిడుదులు మాకు రోజూ మామూలే. పట్టుకుంటే కొందరు బీడీ నిప్పు పెడతారు, కొందరు సున్నం, కొందరు కిరోసిన్. ఏది మంచిది? మా అడవిలో కూడా కోతి జ్వరం ఉందా?

జవాబు: మూడూ వద్దు. నిప్పు తగిలితే, మందు తగిలితే పిడుదు వదలడానికి ముందు కడుపులోది మీ ఒంట్లోకే కక్కుతుంది. సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి, దాని మూతి దగ్గర పట్టుకుని, తిప్పకుండా నిదానంగా తిన్నగా పైకి లాగండి. కడుపు దగ్గర నొక్కకండి. మూతి ముక్క లోపల మిగిలితే సూదితో కెలకొద్దు, నాలుగు రోజుల్లో అదే ఊడిపోతుంది. సబ్బుతో కడిగి స్పిరిట్ రాయండి. పట్టకారు ఎనభై రూపాయలకు దొరుకుతుంది, జీపులో ఒకటి పడి ఉండాలి.

కోతి జ్వరం కేసులు వచ్చేది కర్ణాటక, కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో, పడమటి కనుమల వెంట. మీ బీటులో మీరు ముందు తలచుకోవలసింది స్క్రబ్ టైఫస్‌ను. దాన్ని తెచ్చేది పిడుదు కాదు, కంటికి సరిగా ఆనని ‘మైట్’ అనే పురుగు పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు), పొదల్లో గడ్డిలో ఉంటుంది. రాయలసీమ ఆసుపత్రుల్లో వానాకాలం చివర నుంచి చలికాలం దాకా ఇది బాగా చూస్తాం. కరిచిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అదీ చంకలోనో గజ్జల్లోనో, మీరు డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడే చోటే ఉంటుంది. వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని వారం మందులు వాడి, తగ్గక, ఆయాసంతో నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎందరో. చొక్కా విప్పించి పెచ్చు దొరికితే డాక్సీసైక్లిన్ మొదలుపెడతాం, చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. కాబట్టి డాక్టరు అడగకపోయినా చెప్పండి, ‘నేను అడవి వాచర్‌ని’ అని. యూనిఫారంతో వెళ్తే ఇంకా మంచిది. మా క్లినిక్ చీటీలో పేరు, వయసు తర్వాత మూడో గడి ‘పని’, నాలుగోది ‘ఈ నెలలో ఎక్కడెక్కడ తిరిగారు’. కుర్ర డాక్టర్లు రేషన్ కార్డు ఫారంలా ఉందని నవ్వుతారు. అన్ని క్లినిక్కుల్లో ఆ గడి ఉండదు, మీరే పూరించాలి.

*

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో సివిల్ ఇంజనీరు. రోడ్ల సర్వే పని, రోజంతా పొదల్లో తిరుగుతాడట. మొన్న తొడ మీద టిక్ కరిచిందని, లైమ్ డిసీజ్ అంటారని చెప్పాడు. ‘ఏం కాదమ్మా’ అంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు. కోతుల వల్ల వచ్చేదేనా అండీ ఇది? వీడియో కాల్‌లో పసుపు రాయమన్నాను. (తెనాలి)

జవాబు: అమ్మా, ఇది కోతిది కాదు, అక్కడ ఎలకలు, జింకల మీద బతికే నల్లకాళ్ళ టిక్‌ది. కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి చుట్టుపక్కల పిల్లలకు కీళ్ళవాపులు రావడంతో 1975 ప్రాంతంలో బయటపడింది, ఊరి పేరే జబ్బుకు పెట్టారు. వైరస్ కాదు, బాక్టీరియా. కాబట్టి మందుంది. ప్రాణం మీదికి రావడం బహు అరుదు. మీ భయంలో సగం ఇక్కడే దించేసుకోండి.

ఆ పురుగు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది, మే నుంచి జులై దాకా జోరు. మామూలుగా ఒక రోజుకు పైగా పట్టుకుని ఉంటేనే బాక్టీరియా ఎక్కిస్తుంది. అంటే రోజూ సాయంత్రం ఒళ్ళు చూసుకునేవాడికి ముప్పు బాగా తక్కువ. పీకి 72 గంటలు దాటకపోతే అక్కడి డాక్టరు అవసరమనుకుంటే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ ఇస్తారు, ఇవాళే ఫోన్ చేసి అడగమనండి. నెల రోజుల పాటు ఆ చోట ఎర్రటి మచ్చ పెద్దదవుతోందేమో చూసుకోవాలి. మధ్యలో తెల్లబడి గురి బిళ్ళలా కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. రోజూ ఒకే వెలుతురులో ఫోటో తీసుకుంటే పెరిగిందీ లేనిదీ తేలిపోతుంది.

పనికి వేసుకునే బట్టలకు పెర్మెత్రిన్ పట్టించుకోమనండి, అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. అది బట్టలకే, ఒంటికి కాదు. ఇంటికి రాగానే బట్టలు ఉతకడానికి ముందే డ్రయర్‌లో బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పితే అందులో ఉన్న టిక్కులు మాడిపోతాయి. ఆ వెంటనే స్నానం.

పసుపు రాస్తే నష్టమేమీ లేదు గానీ, ఎర్రమచ్చ వస్తే ఆ పసుపులో కనబడదు. కడిగేసుకుని ఫోటో మీకు కూడా పంపమనండి.